పాత పెట్టె ఆగకుండా కొత్త ప్రొటోకాల్: పాల సెంటర్ల సర్వర్‌ను మార్చే పద్ధతి, అడుగు అడుగునా

మా నల్గొండ చుట్టుపక్కల పల్లెల్లో పాల సెంటర్ రోజుకు రెండు పూటలు తెరుస్తారు. రైతు క్యాన్ తెచ్చి పాలు పోస్తాడు. కొలత, ఫ్యాట్ (కొవ్వు), ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) చూసి చిట్టి ఇస్తారు. ఆ చిట్టి మీది అంకెలే పదిహేను రోజులకు బిల్లు అవుతాయి. పాలను పరీక్షించే ఎనలైజర్‌కు కలిపిన చిన్న పెట్టె ఒకటి ఆ అంకెలను నల్గొండలో ఉన్న మా సర్వర్‌కు పంపుతుంది. ఆ పెట్టెకూ సర్వర్‌కూ మధ్య నడిచే మాటల పద్ధతిని, అంటే ప్రొటోకాల్‌ను, చూసుకునేది నేను.

దాన్ని మార్చబోయి మొదటిసారి పెద్ద తప్పు చేశాను. అప్పటిదాకా పాల కొలత లీటర్లలో వచ్చేది. కిలోల్లో కావాలన్నారు. నేను సర్వర్ మార్చాను, కొన్ని సెంటర్లలో పెట్టెలూ మార్చాను. మిగతావి వారంలో మారుద్దామని ఊరుకున్నాను. మారని పెట్టెలు ఎప్పటిలాగే లీటర్లు పంపాయి, సర్వర్ వాటిని కిలోలు అనుకుంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. అంటే ప్రతి రైతుకూ నూటికి మూడు రూపాయలు తక్కువ పడుతున్నాయి. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, ఎందుకంటే 4.5 అనే అంకె లీటర్లుగానూ సరైనదే, కిలోలుగానూ సరైనదే. నాలుగో రోజు దేవరకొండ వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేసి, "చిట్టిల ఒకటి, మీ లెక్కల ఒకటి ఎట్లుంటది సార్?" అని అడిగేదాకా మాకు తెలియలేదు. బిల్లు తీయకముందే సరిదిద్దాం. కానీ ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఆ తర్వాత ఇదే పనిని మళ్లీ, సరిగ్గా చేశాం. ఆ పద్ధతే ఇది. మీది రైస్ మిల్లు కాంటా కావచ్చు, బోరు మోటరు కంట్రోలర్ కావచ్చు, బస్ టికెట్ మెషిన్ కావచ్చు. అవతలి కొసన ఉన్న పెట్టెలన్నిటినీ ఒకే రాత్రి మార్చలేని ఏ పనికైనా ఇది వర్తిస్తుంది.

అడుగు 1: పాత ప్రొటోకాల్‌ను వైరు మీద చూసి రాసుకోండి

పాత డాక్యుమెంట్ ఉంటే పక్కన పెట్టండి. సర్వర్ దగ్గర టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వచ్చేపోయే డేటాను పట్టి దాచే ప్రోగ్రాం) పెట్టి కనీసం ఒక వారం, రెండు పూటలా నిజమైన ట్రాఫిక్ పట్టండి. దాన్ని చదివేలా చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రాంలో తెరిచి ఒక్కొక్కటిగా చదవండి. మాది చాలా సాదా ప్రొటోకాల్. టీసీపీ కనెక్షన్, ఒక్కో ఎంట్రీకి ఒక్కో లైను. అర్థం కావడానికి తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను:

0117|ఉ|042|4.5|6.8|8.9

సెంటర్ నంబరు, ఉదయం పూట, రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్. సర్వర్ "సరే" అనో "తప్పు" అనో జవాబిస్తుంది. కాగితం మీద ఇంతే. వైరు మీద చూస్తే కొన్ని పెట్టెలు లైను చివర అదనంగా ఒక గీత పెడుతున్నాయి. కొన్ని 4.5కి బదులు 4.50 పంపుతున్నాయి. ఇంకొన్ని "సరే" తర్వాత వచ్చే ఖాళీ కోసం ఎదురుచూస్తున్నాయి, అది లేకపోతే చిట్టి ప్రింట్ కాదు. ఆ ఖాళీ ఎప్పుడో పొరపాటున పడింది, ఇప్పుడు అదే ప్రొటోకాల్‌లో భాగం. పాత క్లయింట్, అంటే అవతలి కొసన ఉన్న పాత పెట్టె, దేని మీద ఆధారపడి ఉందో అదే అసలు ప్రొటోకాల్. మనం ఏది రాశామన్నది తర్వాతి సంగతి.

ఇలా పట్టిన లైన్లను, వాటికి పాత సర్వర్ ఇచ్చిన జవాబులతో సహా, బైటు బైటూ ఫైల్‌లో దాచండి. రైతుల నంబర్లు మార్చేసి దాచండి, అవి వాళ్ల డబ్బుల లెక్కలు. ఈ ఫైల్ చివరిదాకా పనికొస్తుంది.

అడుగు 2: రూపం మారుతోందా, అర్థం మారుతోందా తేల్చుకోండి

ఇక్కడ తొందరపడకండి. మార్పులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కదానికి ఈ ప్రశ్న వేయండి: పాత పెట్టె పంపినదాన్ని కొత్త సర్వర్ చదివితే, అదే అర్థం వస్తుందా?

కొత్త ఫీల్డ్ కలపడం, అది లేకపోయినా పని నడవడం సులువైన మార్పు. మాకు ఆవు పాలా, బర్రె పాలా అన్న ఫీల్డ్ కావాల్సి వచ్చింది. లేకపోతే "తెలియదు" అని ఉంచుకోవచ్చు. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త ఉంది: లేని విలువను మీరే ఊహించి "బర్రె" అని రాసేయకండి. తర్వాత ఏది రైతు చెప్పింది, ఏది మీరు ఊహించింది అనేది ఎవరూ తేల్చలేరు.

ఉన్న ఫీల్డ్ అర్థం మార్చడం మాత్రం ఎప్పుడూ వద్దు. లీటర్ల ఫీల్డ్ ఎప్పటికీ లీటర్లే. కిలోలు కావాలంటే కొత్త ఫీల్డ్, కొత్త పేరు. వాడకం ఆగిపోయిన ఫీల్డ్‌ను, పాత జెండా గుర్తును (ఫ్లాగ్, అవును-కాదు అని చెప్పే గుర్తు) తీసుకుని కొత్త పనికి వాడటం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ ఇదే చేసింది. ఎన్నో ఏళ్లుగా వాడని ఒక జెండాను కొత్త ఫీచర్‌కు వాడారు. 8 సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ వెళ్లింది, ఒకదానికి వెళ్లలేదు. ఆ ఒక్క సర్వర్ ఆ జెండాను పాత అర్థంలో చదివి ఆర్డర్లు పంపుతూ పోయింది. సుమారు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. మా లీటర్లు, కిలోల తప్పూ అదే జాతిది, అంకె ఒక్కటే చిన్నది.

ఫీల్డ్‌కు ఒకసారి ఇచ్చిన నంబరు ఆ ఫీల్డ్‌దే. ఫీల్డ్ తీసేసినా నంబరును ఎవరికీ ఇవ్వకండి. మెసేజ్‌ల రూపాన్ని కట్టే ప్రోటోబఫ్ అనే సాధనం వాడేవాళ్లకు ఇలాంటి నంబర్లను "రిజర్వ్‌డ్" అని రాసి తాళం వేసే సౌకర్యం ఉంది, తప్పకుండా వాడండి. మాకు అది లేదు కాబట్టి ఒక టెక్స్ట్ ఫైల్‌లో పోయిన నంబర్ల పట్టిక పెట్టుకున్నాం.

అడుగు 3: మొదటి పలకరింపు పాత భాషలోనే ఉండాలి

ఇద్దరు కొత్తగా కలిస్తే ముందు ఏ భాషలో మాట్లాడుకోవాలో తేల్చుకుంటారు. ప్రొటోకాల్‌లో ఆ పని చేసేది హలో మెసేజ్. దాన్ని పాత సర్వర్ కూడా చదవగలగాలి, చదివి మర్యాదగా "నాకు తెలియదు" అనగలగాలి. ఈమెయిల్ పంపే ఎస్‌ఎమ్‌టీపీలో 1993లో చేసింది ఇదే. అంతకుముందు క్లయింట్ "హెలో" అనే ఆదేశంతో మొదలుపెట్టేది. అదనపు సౌకర్యాలు తెలిసిన క్లయింట్ "ఎహ్‌లో" అంటుంది. తెలిసిన సర్వర్ తన సౌకర్యాల జాబితా చెబుతుంది, తెలియనిది ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు క్లయింట్ పాత "హెలో"కు దిగుతుంది. ముప్పై ఏళ్లు దాటినా ఈమెయిల్ ఇప్పటికీ అలాగే మొదలవుతుంది.

మేము ఇలా చేశాం. కొత్త పెట్టె కనెక్ట్ కాగానే ఈ లైను పంపుతుంది:

0000|హలో|1,2

అంటే నాకు ఒకటో వెర్షన్ (పాత భాష), రెండో వెర్షన్ (కొత్త భాష) రెండూ తెలుసు అని. సున్నా నంబరు సెంటర్ ఎక్కడా లేదు కాబట్టి పాత సర్వర్ దీనికి "తప్పు" అంటుంది, ఏదీ రాసుకోదు. కొత్త సర్వర్ "హలో|2|ఎంట్రీ,పశువు" అని జవాబిస్తుంది. అంటే రెండో వెర్షన్ మాట్లాడదాం, నాకు ఎంట్రీ నంబర్లు, పశువు రకం తెలుసు అని. పాత పెట్టె హలో చెప్పదు, నేరుగా పాల లెక్క పంపుతుంది. సర్వర్ దాన్ని ఒకటో వెర్షన్ అనుకుని ముందుకు పోతుంది. పాత పెట్టెలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

"పాత సర్వర్ తప్పు అంటుంది" అన్నది కోడ్ చదివి నమ్మకండి. నడుస్తున్న పాత సర్వర్ ప్రోగ్రాంకే ఆ లైను పంపి చూడండి. కొన్ని కూలింగ్ సెంటర్లలో మా పాత సర్వర్ కాపీలు నడుస్తున్నాయి. వాటిలో ఒకటి "తప్పు" అని కనెక్షన్ కూడా తెంచేసింది. అందుకే పెట్టెలో రెండు దారులూ రాశాం: జవాబు వస్తే అదే కనెక్షన్‌లో, "తప్పు" అని తెగిపోతే మళ్లీ కనెక్ట్ అయి పాత భాషలో. ఆ సర్వర్ పాతదని ఒక రోజుకు గుర్తు పెట్టుకుంటుంది, లేకపోతే ప్రతిసారీ రెండు కనెక్షన్లు అవుతాయి. ఒక రోజుకే ఎందుకంటే రేపు ఆ సర్వర్ మారొచ్చు.

చాలామంది పడే గుంత ఇక్కడే ఉంది. హలోకు జవాబు రాకపోతే "సర్వర్ పాతదేమో" అనుకుని దిగిపోకండి. చందంపేట వైపు గుట్టల్లో సిగ్నల్ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. జవాబు రాకపోవడం వేరు, "తెలియదు" అని జవాబు రావడం వేరు. మొదటిదానికి కాసేపు ఆగి మళ్లీ హలో చెప్పాలి. రెండోదానికే పాత భాష. వెబ్ బ్రౌజర్లు ఒకప్పుడు ఈ తేడా చూడలేదు. కనెక్షన్ తెగితే చాలు, పాత వెర్షన్‌కు దిగేవి. మధ్యలో ఉన్న దొంగ కావాలని కనెక్షన్ తెంపి, బ్రౌజర్‌ను బలహీనమైన ఎస్‌ఎస్‌ఎల్ 3.0 దాకా దించి, రహస్యం లాగే దాడి 2014లో పూడిల్ పేరుతో బయటపడింది.

అడుగు 4: తెలియని ముక్కను దాటిపోయేలా మెసేజ్ కట్టండి

రెండో వెర్షన్‌లో గీతల లైన్లు వదిలేశాం. మొదటి 4 బైట్లు మెసేజ్ పొడవు, తర్వాత ఒక బైటు మెసేజ్ రకం, ఆ తర్వాత ఫీల్డులు. ఒక్కో ఫీల్డ్‌కు నంబరు, పొడవు, విలువ. పొడవు ముందే తెలుసు కాబట్టి అర్థం కాని ఫీల్డ్ వస్తే అన్ని బైట్లు దాటేసి ముందుకు పోవచ్చు. మూడో వెర్షన్ అవసరం రాకుండా చాలా ఏళ్లు నెట్టుకొచ్చే వీలు ఇందులో ఉంది.

కానీ దాటేయకూడని ఫీల్డులూ ఉంటాయి. "ఈ ఎంట్రీ రద్దు" అనే ఫీల్డ్ తెలియక దాటేస్తే రద్దు కావాల్సిన పాలు లెక్కలో ఎక్కుతాయి. అందుకే ఫీల్డ్ నంబరులో ఒక బిట్‌ను "తెలియకపోతే మెసేజ్ మొత్తం తిరస్కరించు" అనే గుర్తుగా పెట్టాం. పీఎన్‌జీ బొమ్మల ఫైళ్లలోనూ ఇదే పద్ధతి ఉంది. అక్కడ ప్రతి ముక్క పేరులో మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అన్నదే ఆ గుర్తు.

దశాంశాలు పంపకండి. ఫ్యాట్ 6.8ని 68గా, పాలను గ్రాముల్లో పూర్ణాంకంగా పంపితే 4.5, 4.50 గొడవ ఉండదు.

పొడవుకు పై హద్దు తప్పనిసరి. మేము 64 కేబీ పెట్టాం. దీని అవసరం ఒక లెక్కతో చెబుతాను. ఏదో పొరపాటున పాత లైనును కొత్త పద్ధతిలో చదివారనుకోండి. "0117" అనే నాలుగు అక్షరాలను పొడవుగా చదివితే 80,85,30,231 బైట్లు అవుతుంది. హద్దు లేని సర్వర్ ఆ 80 కోట్ల బైట్ల కోసం మెమరీ తీసుకుని కూర్చుంటుంది. అలాంటి కనెక్షన్లు పది వస్తే చాలు, సాయంత్రం పూట మొత్తం పోయినట్టే.

అడుగు 5: సర్వర్‌లో అనువాదం గడప దగ్గరే జరగాలి

సర్వర్ కోడ్ నిండా "ఒకటో వెర్షన్ అయితే ఇలా, రెండో వెర్షన్ అయితే అలా" అని రాస్తే ఆరు నెలల్లో ఎవరికీ అర్థం కాదు. లోపల ఎంట్రీకి ఒకే రూపం ఉంచండి. గడప దగ్గర ఇద్దరు దుబాసీలు: ఒకరికి పాత లైన్లు తెలుసు, ఒకరికి కొత్త మెసేజ్‌లు తెలుసు. ఇద్దరూ వచ్చినదాన్ని లోపలి రూపంలోకి మార్చి ఇస్తారు, జవాబును తిరిగి వాళ్ల భాషలోకి మారుస్తారు. లోపలి కోడ్‌కు వెర్షన్ అనే మాటే తెలియకూడదు.

లీటర్లను గడప దగ్గర కిలోలుగా మార్చాలనిపిస్తుంది. మేము మార్చలేదు. కొలత, పక్కనే దాని ప్రమాణం, రెండూ వచ్చినవి వచ్చినట్టే దాచాం. లెక్క కట్టేటప్పుడే మార్పు. రైతు చేతిలోని చిట్టి మీద ఏది ఉందో మా దగ్గరా అదే ఉండాలి. డేటాబేస్‌లో కొత్త కాలమ్‌లను ఖాళీగా ఉండొచ్చు అన్న షరతుతో ముందే కలిపేయండి. పాత కాలమ్‌లను ఇప్పుడే ముట్టుకోకండి.

పాత భాష దుబాసీ సిద్ధమయ్యాక, మొదటి అడుగులో దాచిన ఫైల్ తీసి దాని మీద నడపండి. జవాబులు బైటు తేడా లేకుండా రావాలి. ఆ పొరపాటు ఖాళీతో సహా.

అడుగు 6: ఒక ఎంట్రీ రెండుసార్లు ఎక్కకుండా చూడండి

నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇది. పెట్టె ఎంట్రీ పంపింది, సర్వర్ రాసుకుంది, "సరే" తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోయింది. పెట్టెకు జవాబు అందలేదు కాబట్టి మళ్లీ పంపుతుంది. ఒకటో వెర్షన్‌లో సర్వర్ ఇది పాతదేనని ఎలా పోల్చుకుంటుంది? అదే రైతు, అదే పూట, అదే అంకెలైతే ఒకటే అనుకునేది. కానీ ఇంట్లో రెండు బర్రెలున్న రైతు రెండు క్యాన్లు వేర్వేరుగా పోయొచ్చు, రెండిట్లోనూ 3 లీటర్లే ఉండొచ్చు.

రెండో వెర్షన్‌లో ప్రతి ఎంట్రీకీ పెట్టే ఒక నంబరు ఇస్తుంది. ఎన్నిసార్లు పంపినా అదే నంబరు. సర్వర్ ఆ నంబరు ముందే చూసి ఉంటే కొత్తగా రాయకుండా మళ్లీ "సరే" అంటుంది.

చిక్కు వచ్చేది మారే క్షణంలో. పెట్టె ఒక ఎంట్రీని పాత భాషలో పంపింది, "సరే" రాలేదు, అంతలో కొత్త ప్రోగ్రాం ఎక్కింది. ఇప్పుడు అదే ఎంట్రీకి కొత్త నంబరు వేసి కొత్త భాషలో పంపుతుంది. సర్వర్‌కు ఇది కొత్త ఎంట్రీయే. రైతుకు రెండుసార్లు డబ్బు పడుతుంది, నెల చివర సెంటర్ నడిపే మనిషి జేబులోంచి పోతుంది. దీనికి నియమం ఒక్కటే పెట్టాం: పాత భాషలో మొదలైన ఎంట్రీ పాత భాషలోనే ముగుస్తుంది. కొత్త ప్రోగ్రాం ఎక్కగానే ముందు పాత క్యూ (పంపకుండా మిగిలిన ఎంట్రీల వరుస) మొత్తం ఒకటో వెర్షన్‌లో పంపి ఖాళీ చేస్తుంది, ఆ తర్వాతే హలో చెబుతుంది. ఇందుకోసం కొత్త పెట్టె ప్రోగ్రాంలో పాత భాష కోడ్ ఉండాల్సిందే. ఎలాగూ పాత సర్వర్ల కోసం అది ఉంది.

అడుగు 7: నాలుగు జతలూ పరీక్షించండి

పాత పెట్టె పాత సర్వర్, పాత పెట్టె కొత్త సర్వర్, కొత్త పెట్టె పాత సర్వర్, కొత్త పెట్టె కొత్త సర్వర్. చివరి జత ఒక్కటే చూసి వదిలేస్తారు చాలామంది. మధ్య రెండు జతలే అసలైన పరీక్ష. ప్రతి జతనూ మంచి నెట్‌వర్క్ మీద, ఆలస్యాలు, తెగిపోవడాలు పెట్టిన నెట్‌వర్క్ మీద, మెసేజ్ సగంలో కరెంటు తీసేసి కూడా చూడండి. లినక్స్‌లో నెటెమ్ అనే సాధనం ప్యాకెట్లను ఆలస్యం చేయడానికి, పారేయడానికి పనికొస్తుంది.

ఇంకో అలవాటు. కొత్త పెట్టె అప్పుడప్పుడు అర్థం లేని ఒక ఫీల్డ్‌ను కావాలనే కలిపి పంపాలి. సర్వర్ దాన్ని దాటేస్తోందా లేదా అన్నది అలా రోజూ తేలుతుంది. వానాకాలమంతా వాడకుండా వదిలేసిన బోరు మోటరు యాసంగికి పట్టేసినట్టు, ఎప్పుడూ నడవని కోడ్ దారి అవసరమొచ్చిన రోజున పనిచేయదు. ఇంటర్నెట్ భద్రతకు వాడే టీఎల్‌ఎస్‌లో ఇదే జరిగింది. అందులో వెర్షన్ నంబరు ఫీల్డ్ ఉంది. కానీ కొత్త నంబరు కనిపిస్తే మధ్యలోని పరికరాలు, కొన్ని సర్వర్లు కనెక్షన్ తెంచేసేవి. అందుకే 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 ఆ ఫీల్డ్‌లో ఇప్పటికీ 1.2 అనే రాస్తుంది, తన అసలు వెర్షన్‌ను వేరే జాబితాలో చెబుతుంది. ఆ అనుభవంతోనే క్రోమ్ లాంటి బ్రౌజర్లు గ్రీస్ అనే పద్ధతిలో అర్థం లేని విలువలను కావాలని కలిపి పంపుతున్నాయి.

అడుగు 8: ముందు సర్వర్, తర్వాత పెట్టెలు

సర్వర్‌ను మార్చండి, కానీ రెండో వెర్షన్‌ను ఒక సెట్టింగ్‌తో ఆపి ఉంచండి. హలోకు "తప్పు" అనే జవాబే వెళ్లాలి. అలా రెండు మూడు రోజులు నడవనివ్వండి. పాత పెట్టెలకు ఏ తేడా తెలియకపోతే, అప్పుడు సెట్టింగ్ తెరవండి. ఏదైనా తేడా వస్తే సర్వర్‌ను వెనక్కి మార్చనక్కర్లేదు, సెట్టింగ్ మూస్తే చాలు. కొత్త పెట్టెలు వాటంతట అవే పాత భాషకు దిగుతాయి. దీన్ని కూడా ఒకసారి నిజంగా మూసి చూడండి.

పెట్టెలను పొద్దుటి పాలు అయిపోయాక, సాయంత్రం పాలు మొదలుకాకముందు మార్చాం. మొదటి సెంటర్ మా ఆఫీసుకు బండి మీద పది నిమిషాల్లో చేరగలిగేది. రెండోది కావాలనే సిగ్నల్ అన్నిటికన్నా అధ్వాన్నంగా ఉండేది. రెండిట్లోనూ మొదటి రెండు పూటలు నేను అక్కడే నిలబడ్డాను. "ఏమన్న మారిందా అక్కా?" అని రెండో సెంటర్ నడిపే ఆమెను అడిగితే, "ఏం మారలే సార్, చిట్టి ఎప్పటి లెక్కనే వస్తుంది" అంది... నాకు కావలసిన జవాబు అదే.

అడుగు 9: పాత భాషను తీసేయడం

ప్రతి కనెక్షన్ ఏ వెర్షన్‌లో వచ్చిందో, సెంటర్ నంబరుతో సహా మొదటి రోజు నుంచీ రాసుకోండి. ఏ సెంటర్ చివరిసారి పాత భాష ఎప్పుడు మాట్లాడిందో ఒక పట్టికలో కనిపించాలి. తేదీ పెట్టుకుని తీసేయడం కాదు, ఆ పట్టిక ఖాళీ అయ్యాకే తీసేయాలి.

ఒక నెల ఎవరూ పాత భాష మాట్లాడలేదు కాబట్టి ఇక తీసేద్దాం అనుకున్నాం. అది ఎండాకాలం. ఎండలకు బర్రెలు పాలు తగ్గిస్తాయి, చిన్న ఊళ్లలో సెంటర్లు మూసేస్తారు, పెట్టెను గుడ్డ కప్పి అటక మీద పెడతారు. వానలు పడి, మేత దొరికి, బర్రెలు ఈనాక మళ్లీ తెరుస్తారు. పాలు బాగా వచ్చేది దసరా దాటాకే. అప్పుడు అటక మీది పెట్టె దిగి, ఏమీ తెలియనట్టు పాత భాషలోనే మాట్లాడుతుంది. మా సర్వర్ దానికి "తప్పు" అంటే ఆ పూట పాలు పోసిన వాళ్లందరి లెక్కా పోయేది. మీ వ్యాపారానికి ఏడాది చక్రం ఎలా తిరుగుతుందో చూసి, కనీసం ఒక పూర్తి చక్రం ఆగండి. మాకు అది ఏడాది.

తీసేసే రోజు వచ్చినా, పాత భాష అర్థం చేసుకునే ఒక చిన్న ముక్కను ఉంచండి. అది ఎంట్రీని పాడేయకూడదు. తీసుకుని, బిల్లులో కలపకుండా పక్కన పెట్టి, ఆఫీసుకు సెంటర్ నంబరు చూపించాలి. దాన్ని చూసి మనమే ఫోన్ చేయాలి.

మొన్న లెక్క చూస్తే పట్టికలో ఇంకా మూడు సెంటర్లు ఉన్నాయి. రెండింటికి ఈ ఆదివారం వెళ్తున్నాం. మూడోది మూసే ఉంది, పెట్టె ఎవరింట్లో ఉందో ఊరి సర్పంచ్‌ను అడిగాం.